అద్దం ముందు కిరణ చిత్రం: కోణం కొలిచి గీయడం మేలా, ప్రతిబింబం ముందే గుర్తించడం మేలా?

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, వస్తువు ఇక్కడ, కన్ను అక్కడ. మరి కిరణం అద్దాన్ని ఎక్కడ తాకుతుంది?" పేజీ నిండా చెరిపిన గీతలే. కోణమానినితో మూడుసార్లు గీసిందట. ఒక్క కిరణమూ కంటికి చేరలేదు.

లెక్క ఇది. వస్తువు సమతల దర్పణానికి 4 సెం.మీ. దూరంలో, కన్ను 2 సెం.మీ. దూరంలో ఉన్నాయి. రెండింటి నుంచీ అద్దం మీదికి లంబాలు గీస్తే వాటి మధ్య 9 సెం.మీ. ఉంటుంది.

తను వాడింది బడిలో మొదట నేర్పే పద్ధతి. అద్దం మీద ఒక బిందువు ఎంచుకుని, అక్కడ లంబం గీసి, పతన కోణం (వచ్చే కిరణానికి, లంబానికి మధ్య కోణం) కొలిచి, అవతలి వైపు అంతే పరావర్తన కోణం (తిరిగి వెళ్లే కిరణానికి, లంబానికి మధ్య కోణం) వేయడం. అందులో తప్పు లేదు. కాకపోతే బిందువును మనమే ఎంచుకుంటాం కాబట్టి, ఆ కిరణం ఎటు పోతుందో గీసేదాకా తెలియదు. కన్ను ఫలానా చోట ఉందని లెక్కలో ఇచ్చేస్తే ఇక ఊహించడం, చెరపడం, మళ్లీ గీయడం.

రెండో పద్ధతిలో వస్తువు నుంచి అద్దానికి లంబం గీసి, వెనక్కి కూడా అదే 4 సెం.మీ. కొలిచి చుక్క పెట్టాలి. అదే ప్రతిబింబం. ఆ చుక్క నుంచి కంటికి స్కేలుతో ఒక్క గీత గీస్తే, అది అద్దాన్ని దాటిన చోటే పతన బిందువు. ఇక్కడ అది వస్తువు లంబపాదం (వస్తువు నుంచి గీసిన లంబం అద్దాన్ని తాకే చోటు) నుంచి సరిగ్గా 6 సెం.మీ. దగ్గర పడింది. అక్కడి నుంచి వస్తువుకు గీత కలిపాం. కోణాలు కొలిస్తే రెండూ దాదాపు 56 డిగ్రీలు. పిల్ల ముఖం వెలిగిపోయింది.

వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "మరి ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" చెప్పకూడదనే నా అభిప్రాయం. ప్రతిబింబం అంతే దూరంలో ఉంటుందని మనం ముందే నమ్మి చుక్క పెట్టేశాం. ఎందుకు అక్కడే ఉంటుందో ఆ పటం చెప్పదు. కోణాలు కొలిచి రెండు కిరణాలు గీసి, వాటిని వెనక్కి పొడిగించినప్పుడు అవి కలిసే చోటు కంటి ముందే తేలుతుంది. మిథ్యా ప్రతిబింబం, అంటే కిరణాలు నిజంగా కలవకుండా అక్కడి నుంచి వస్తున్నట్టు మాత్రమే కనిపించే ప్రతిబింబం, అంటే ఏమిటో అప్పుడే అర్థమవుతుంది. మొదటిసారి నేర్చుకునే పిల్లలకు కోణమానినే కావాలి.

అయితే అక్కడ ఒక జాగ్రత్త ఉంది. మా పిల్ల ముందు పటాల్లో రెండు కిరణాలూ పక్కపక్కనే, లంబపాదం నుంచి 3, 4 సెం.మీ. దగ్గర వేసింది. రెండో కోణం 45 డిగ్రీలకు బదులు 47 పడితే చాలు, ప్రతిబింబం 4 సెం.మీ. బదులు 3.1 దగ్గరే కనిపిస్తుంది. అదే ఒక కిరణాన్ని లంబపాదానికి ఎడమన 3 సెం.మీ. దగ్గర, రెండోదాన్ని కుడిన 4 దగ్గర వేస్తే, అంతే పొరపాటు జరిగినా ప్రతిబింబం 3.8 దగ్గర పడుతుంది. గీతలు ఎడంగా ఉంటే చేతి తప్పు అంతగా చెడగొట్టదు.

గుండుసూదుల ప్రయోగం మూడో దారి. కాగితం మీద గీత గీసి అద్దం నిలబెట్టి, ముందు రెండు సూదులు గుచ్చి, అద్దంలో వాటి ప్రతిబింబాలతో ఒకే వరుసలో కనిపించేలా ఇంకో రెండు గుచ్చి కిరణాల దారి గుర్తించడం అది. కోణాలు నిజంగా సమానమో కాదో తేల్చడానికి అంతకన్నా మంచిది లేదు. మామూలు అద్దానికి పూత వెనుక ఉంటుంది కాబట్టి, గీసిన గీత మీద వెనుక అంచును నిలబెట్టాలి.

పరీక్షలో మాత్రం నా ఓటు రెండో పద్ధతికే. లంబంగా కలిసిన రెండు అద్దాలు ఇస్తే, ప్రతిబింబానికి మళ్లీ ప్రతిబింబం గుర్తిస్తే మూడు ప్రతిబింబాలూ నిమిషంలో వచ్చేస్తాయి. కోణమానినితో ఆ పటం గీయడం పెద్ద టెన్షన్. నిలువెత్తు మనిషి పూర్తిగా కనపడాలంటే అద్దం ఎత్తు మనిషి ఎత్తులో సగం చాలన్నది కూడా, తల, పాదాల ప్రతిబింబాల నుంచి కంటికి రెండు గీతలు గీస్తే తేలిపోతుంది.

గీత కంటి వైపు నుంచి మొదలుపెట్టినా, బాణం గుర్తు మాత్రం వస్తువు నుంచి అద్దానికి, అద్దం నుంచి కంటికి ఉండాలి. అద్దం వెనుక భాగమంతా చుక్కల గీతే, దానికి బాణం వేయకూడదు.