మా ఊరి బడికి ప్రజాప్రతినిధి తనిఖీ: మూడు నెలల తర్వాత ఒక సమీక్ష

ప్రజాప్రతినిధి ఓటరుకు అందించే సేవల్లో రోడ్లు, పింఛన్లు, సిఫారసు ఉత్తరాల గురించి అందరూ మాట్లాడతారు గాని, బడుల మీద, పసిపిల్లల కేంద్రాల మీద ప్రభుత్వ విధానం ఎలా అమలవుతున్నదో ఆయన స్వయంగా చూసి, సంబంధిత మంత్రిని నిలదీయడం కూడా ఒక సేవేనని, దాని మంచిచెడ్డలను తూచి చెప్పడం ఆ సేవ పొందినవారి బాధ్యత అని నేను నమ్ముతాను. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా బతికిన ఊళ్లలో మాది ఒకటి. గత నవంబరులో మా ప్రాంత ప్రజాప్రతినిధి ఒకరు మా ఊరి అంగన్‌వాడీ కేంద్రాన్ని, ప్రాథమిక పాఠశాలను తనిఖీ చేశారు. ఆయన పేరు, పార్టీ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను సమీక్షిస్తున్నది మనిషిని కాదు, ఆయన చేసిన పనిని. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా, ఇప్పుడు అదే అంగన్‌వాడీకి మనవరాలిని రోజూ చెయ్యి పట్టుకొని తీసుకువెళ్తున్న తాతగా ఆ రెండు గంటలూ నేను అక్కడే ఉన్నాను.

నా ఉద్యోగ కాలంలో చూసిన తనిఖీలు చాలావరకు ఒకే తీరున నడిచేవి. వచ్చినవారు గోడలకు వేసిన రంగు చూసేవారు, ఒక పిల్లవాణ్ణి లేపి ఎక్కం చెప్పించేవారు, వాడు తడబడితే పిల్లలందరి ముందే ప్రధానోపాధ్యాయుణ్ణి మందలించి వెళ్లిపోయేవారు. ఒకసారి అలా మాటపడ్డ మా ప్రధానోపాధ్యాయుడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా ఆఫీసు గదిలోనే చాలాసేపు కూర్చున్నాడు. ఈసారి వచ్చినాయన ఎవరినీ మందలించలేదు. ముందుగా తూకం యంత్రం అడిగారు.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, 2025తో దానికి యాభై ఏళ్లు నిండాయి. ఇన్నేళ్లలో దానికి బాలామృతం, ఆరోగ్యలక్ష్మి భోజనం, రోజూ గుడ్డు వంటివి ఎన్ని చేరినా, దాని ఆయువుపట్టు మాత్రం బిడ్డను నెలనెలా తూచి, ఎదుగుదల పట్టికలో చుక్క పెట్టి, ఆ గీత ఎటు పోతున్నదో తల్లికి చూపించడమే. గీత కిందికి వాలితేనే కదా ఆ బిడ్డకు అదనపు ఆహారం ఇవ్వాలో, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలో తెలిసేది. ఆయన ఒక పిల్లవాణ్ణి ఎత్తుకొని యంత్రం మీద నిలబెట్టారు. అంకెలు వెలగలేదు. బ్యాటరీలు మార్చి చూశారు, అప్పటికీ వెలగలేదు. అప్పుడు రిజిస్టరు తెప్పించుకొని చూస్తే ఆ నెల బరువులు అప్పటికే రాసి ఉన్నాయి, అన్నీ పదకొండు కిలోలు, పదకొండున్నర, పన్నెండు, పన్నెండున్నర. నా మనవరాలి పేరు ఎదురుగా పన్నెండు అని ఉంది. వెనక పేజీలో కూడా పన్నెండే, దానికి ముందు పేజీలో కూడా పన్నెండే.

ఆ క్షణాన నాకు కోపం వచ్చింది, టీచరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కొని, "ఎన్ని రోజులైంది అమ్మా చెడిపోయి?" అని అడిగారు. ఆమె బీరువాలోంచి మూడు కాగితాలు తీసి ఇచ్చింది. మూడూ పై అధికారులకు యంత్రం చెడిపోయిందని రాసిన ఉత్తరాల నకళ్లే. బరువులు నింపకపోతే అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే ఫోను యాప్ పోషణ్ ట్రాకర్‌లో ఆ నెల పని పూర్తయినట్టు చూపించదని, చూపించకపోతే సంజాయిషీ అడుగుతారని, అందుకే కంటి అంచనాతో రాశానని ఒప్పుకున్నది. అది తప్పే, కాని ఆ తప్పు పుట్టింది ఆమె దగ్గర కాదు. తూచే యంత్రం చెడిపోయినా మార్చకుండా అంకెలు మాత్రం అడుగుతూ పోతే వచ్చే ఫలితం అదే. ఆ రోజు ఆయన ఉత్తరాల నకళ్లను ఫోటో తీసుకున్నారు. ఆ ఒక్క పనికే ఈ తనిఖీకి నేను సగం మార్కులు వేస్తాను.

తర్వాత ప్రాథమిక పాఠశాల వంట దగ్గరికి వెళ్లారు. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు కలిపి నలభై రెండు మంది పిల్లలు, వండేవారు ఇద్దరు ఆడవాళ్లు. మధ్యాహ్న భోజనం నియమాల ప్రకారం ప్రాథమిక స్థాయిలో ఒక బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. బియ్యం ప్రభుత్వమే పంపుతుంది. మిగతా వాటికి 2025 మే నెల నుంచి రోజుకు ఒక్కో బిడ్డకు 6 రూపాయల 78 పైసలు. ఆయన జేబులోంచి కాగితం తీసి, పొయ్యి పక్కనే నిలబడి లెక్క వేశారు. నలభై రెండు మందికి 840 గ్రాముల పప్పు, రెండు కిలోల పైచిలుకు కూరగాయలు, 210 గ్రాముల నూనె, మొత్తం చేతికి వచ్చేది 284 రూపాయల 76 పైసలు. పప్పు, నూనె, కూరగాయల వరకు సరిపోతుందనిపించే ఆ మొత్తం చింతపండు, ఉప్పు, కారం, పసుపు, గ్యాస్ కలిపేసరికి ఇరుకున పడుతుంది.

ఆయన ఇంకా లెక్క పెడుతుండగానే వంటామె, "సారూ, పైసలు తక్కువని కాదు, అసలు వస్తలేవు. ఉద్దెర తెచ్చి వండుతున్న" అన్నది. కొంగున దాచిన చిన్న నోటు పుస్తకం తీసి చూపించింది. ఊరి కిరాణం దుకాణంలో తెచ్చిన పప్పు, నూనె, గుడ్లు తేదీలవారీగా అందులో ఉన్నాయి. బిల్లు వచ్చి బాకీ తీరిన పేజీల కింద "ముట్టింది" అని దుకాణదారు చేతిరాత ఉంది. జూన్ పేజీ కింద ఉంది, జూలై కింద ఉంది. ఆగస్టు నుంచి ఏ పేజీ కిందా లేదు. వారానికి మూడు గుడ్లు పెట్టాలన్నది మన రాష్ట్ర నిబంధన. పెరిగిన ధరకు గుడ్డు ఉద్దెర ఇవ్వనని దుకాణదారు అన్న వారం రెండే పెట్టామని ఆమె దాచకుండా చెప్పింది. వండేవారి గౌరవవేతనంలో కేంద్ర పథకం లెక్క 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోయింది. రాష్ట్రం దాన్ని మూడు వేలకు పెంచింది. ఆ మూడు వేలకు పనిచేసే మనిషి నలభై రెండు మంది పిల్లల భోజనానికి తన పేరు మీద అప్పు తెస్తున్నదంటే, ఆ నెలల్లో పథకానికి పెట్టుబడి పెట్టింది ప్రభుత్వం కాదు, ఆమె. ఈ మాట నేను ఎన్నేళ్లుగానో ఉపాధ్యాయ సంఘాల సమావేశాల్లో చెబుతున్నాను. ఒక ప్రజాప్రతినిధి ఆ నోటు పుస్తకం చేతిలోకి తీసుకొని ప్రతి పేజీ తిప్పడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

తరగతి గదుల్లో ఆయన ఎక్కువసేపు గడపలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలు కాబట్టి మా బడికి కాగితం మీద కొరత లేదు. ఆయన హాజరు పట్టిక తీసి, అంతకు ముందు నెల ఇద్దరూ బడిలో ఉన్న రోజులు ఎన్ని అని లెక్కపెట్టించారు. ఇరవై రెండు పనిదినాల్లో పద్నాలుగు. మిగతా ఎనిమిది రోజులు శిక్షణలు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల కాంప్లెక్స్ సమావేశం, మండల కేంద్రంలో వివరాల నమోదు, ఒక సెలవు. ఆ ఎనిమిది రోజులు ఐదు తరగతులకు ఒక్కరే. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ నిర్వహించి కొత్తవారిని నియమించడం మంచి పనే. అయితే నియమించిన ఉపాధ్యాయుడు తరగతిలో ఎన్ని రోజులు ఉంటున్నాడన్నది వేరే ప్రశ్న, అది సరైన ప్రశ్న కూడా.

ఇక లోపాల దగ్గరికి వస్తాను. అన్నిటికన్నా పెద్దది నీళ్ల విషయం. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు ప్రపంచమంతటా ఉన్నది. మా జిల్లా ఆ పేరును ఎంత నొప్పి భరించి సంపాదించిందో వంగిన కాళ్లతో నడిచే మా పెద్దలను చూసినవారికి తెలుసు. ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లా వచ్చాక పిల్లలు తాగే నీళ్ల విషయంలో ఊరట కలిగిన మాట నిజం. కాని నల్లా రాని రోజున బడి వంటకు పాత బోరు నీళ్లే దిక్కు. తాగే నీళ్లతోనే కాదు, వండే నీళ్లతోనూ ఫ్లోరైడ్ ఒంట్లో చేరుతుంది. అందులోనూ ఎముకలు, పళ్లు ఏర్పడే వయసు పిల్లలకు ఆ ముప్పు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రమాణం. మా బడి బోరుకు చివరి పరీక్ష ఎప్పుడు చేశారన్న ప్రశ్న ఆయన నోట వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. బోరు పక్కనే నిలబడి ఫోటో దిగారు గాని దాని గురించి అడగలేదు. నేను చెప్పబోయేసరికి చుట్టూ ఉన్నవారు ఆయనను ముందుకు నడిపించుకుపోయారు.

బడి వెనక ఒక వంటగది పిల్లర్ల దగ్గర ఆగిపోయి ఉంది. దాని గురించి వెంట వచ్చినవారు అది మీ హయాందని, కాదు మీదని వాదించుకోవడం మొదలుపెట్టారు. బడుల బాగు కోసం 2022 మార్చి 8న వనపర్తిలో పన్నెండు రకాల పనులతో 'మన ఊరు మన బడి' పథకం మొదలైంది. 2024లో అదే పనికి మహిళా సంఘాలతో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వచ్చాయి. పథకం పేరు మారినప్పుడల్లా సగంలో ఉన్న పని పాత పేరుతో పాటు అనాథ అవుతుండటమే మా ప్రాంతంలో నేను చూసిన సమస్య. ఆయన ఆ వాదనను ఆపి, జరిగిన పని కొలతలు రాసే ఎంబీ రికార్డు ఎవరి దగ్గర ఉందో కనుక్కోమని చెప్పారు. అడగవలసిన మాటే. జవాబు మాత్రం ఇప్పటికీ మాకు చేరలేదు.

వచ్చిన తీరు కూడా కొంత బాధ కలిగించింది. నాలుగు వాహనాల్లో ముప్పై మంది వచ్చారు. పన్నెండు ముప్పావుకు జరగవలసిన పిల్లల భోజనం ఒకటిన్నర దాటింది. చిన్న తరగతుల పిల్లలు కంచాలు పట్టుకొని ఎండలో నిలబడ్డారు. చట్టప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీకి ముందుగా కబురు పంపలేదు. ఆయన అడిగిన ప్రశ్నల్లో సగానికి ఆ తల్లులే జవాబు చెప్పగలిగేవారు. తాండాలోని ఏకోపాధ్యాయ బడికి కూడా వెళ్తానన్నారు, వెళ్లలేదు.

ఈ మూడు నెలల్లో ఏం జరిగిందంటే, తూకం యంత్రం ఆరు వారాలకు వచ్చింది. మనవరాలిని తూచిన రోజున నేనూ వెళ్లాను. పదకొండు కిలోల ఒక వంద గ్రాములు. రిజిస్టరులో రాసినదానికన్నా తొమ్మిది వందల గ్రాములు తక్కువ. అప్పటి నుంచి ఇంట్లో దాని అన్నం మీద మా ఆవిడ ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. యంత్రం పాడైన నెలల్లో మరెంతమంది పిల్లల గీతలు అలా తప్పుగా తిన్నగా సాగాయో అని తలచుకుంటే నిద్ర పట్టదు.

ఆయన మంత్రికి రాసిన ఉత్తరం నకలు బడికి పంపారు. అలా పంపడం మెచ్చుకోదగిన పని. అందులో తూకం యంత్రాలు, వంట బిల్లులు, ఉపాధ్యాయుల ఇతర పనులు ఉన్నాయి, నీళ్లు లేవు. 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో 3,04,965 కోట్లకు గాను విద్యకు కేటాయించింది 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. అధికారంలోకి వచ్చిన పార్టీ ఎన్నికల ప్రణాళికలో చెప్పింది పదిహేను శాతం. పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు ఈ రెండు అంకెల పక్కన మా వంటామె నోటు పుస్తకం అంకెలను కూడా పెట్టి మాట్లాడాలని ఆయనకు నేను విడిగా ఉత్తరం రాశాను. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి మా నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో గురుకులం మొదలైన గడ్డ ఇది. పాలకుడి దృష్టి ఒక బడి మీద నిలిస్తే ఎంతమంది పేదింటి పిల్లల బతుకులు మారతాయో మా తరం కళ్లారా చూసింది.

అయిదింటికి మూడు ఇస్తాను. బోరు నీళ్ల పరీక్ష జరిగి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. వంట బిల్లులు డిసెంబరు చివర రెండు నెలలవి వచ్చాయి. నిన్న బడి దగ్గర కలిసినప్పుడు వంటామెను నోటు పుస్తకం అడిగి చూశాను. ఆగస్టు, సెప్టెంబరు పేజీల కింద "ముట్టింది" అని ఉంది. అక్టోబరు పేజీ కింద ఇంకా ఏమీ రాసి లేదు.