చేపల ప్యాకెట్టు మీద నీలి ముద్ర: ఎంఎస్‌సీ లేబుల్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

డబ్బా చేపల మీద, ఫ్రోజెన్ ప్యాకెట్ల మీద చేప బొమ్మా టిక్ మార్కూ కలిసిపోయిన నీలి గుర్తు కనిపిస్తుంటుంది. అది మెరైన్ స్టూవర్డ్‌షిప్ కౌన్సిల్ (ఎంఎస్‌సీ) ముద్ర. ఈ చేపను పట్టినందువల్ల సముద్రంలో ఆ నిల్వ, అంటే ఒక ప్రాంతంలో ఉండే ఆ చేపల మొత్తం, తరిగిపోదని కొనేవాళ్ళకు ఇచ్చే హామీ. 1992లో కెనడా తూర్పు తీరంలో కాడ్ చేప కుప్పకూలి వేటే ఆపేయాల్సి వచ్చిన కాలంలో పుట్టిన ఆలోచన ఇది. ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యుడబ్ల్యుఎఫ్, ఆహార వస్తువుల కంపెనీ యూనిలీవర్ కలిసి 1997లో సంస్థ పెట్టాయి. 2000లో పశ్చిమ ఆస్ట్రేలియా రాక్ లాబ్‌స్టర్‌కు మొదటి సర్టిఫికెట్ దక్కింది.

తీర్పు ముందే చెప్పేస్తాం. బాగున్న నిల్వ చెడిపోకుండా చూడడానికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. అడుగంటి ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న నిల్వ మీద ఇదే ముద్ర కనబడితే మాత్రం లోపలి కాగితాలు చూడకుండా నమ్మకూడదు.

చాలామంది పొరబడేది ఒకటుంది. ముద్ర చేప జాతికి ఇవ్వరు. ఫలానా నిల్వ, ఫలానా సముద్ర భాగం, ఫలానా వల లేదా గేలం, ఫలానా పడవలు, ఇవన్నీ కలిపి ఒక యూనిట్‌గా పరీక్షిస్తారు. ఒకే నీళ్ళలో ఒకే ట్యూనాను గేలపు కర్రతో పట్టినవాళ్ళకు ముద్ర ఉండి, రింగు వలతో చుట్టేసినవాళ్ళకు లేకపోవచ్చు. చెరువుల్లో, బోనుల్లో పెంచిన చేపలకు, పెంచిన రొయ్యలకు ఇది వర్తించదు. వాటికి ఏఎస్‌సీ అని వేరే ముద్ర ఉంది.

పరీక్ష మూడు భాగాలు: నిల్వ ఎలా ఉంది, వేట వల్ల మిగతా ప్రాణులకూ సముద్రపు అడుగుకూ జరిగే నష్టమెంత, అదుపు చేసే యంత్రాంగం పనిచేస్తోందా. ఎక్కువ సర్టిఫికెట్లకు ఆధారమైన రెండో వెర్షన్ ప్రమాణంలో ఈ మూడింటి కింద 28 అంశాలు ఉంటాయి. ఒక్క అంశంలో 60 కన్నా తగ్గినా ఫెయిల్. ఒక్కో భాగం సగటు 80కి తగ్గకూడదు. 60కీ 80కీ మధ్య పడిన ప్రతి అంశానికీ ఒక షరతు పెడతారు, దాన్ని గడువులోగా సరిచేసుకోవాలి. సర్టిఫికెట్ ఐదేళ్ళు, మధ్యలో ఏటా ఆడిట్. అంటే ముద్ర పడిన చేపల వేటలో కొన్ని లోపాలు అప్పటికీ మిగిలి ఉండొచ్చు. వాటిని దాచరు, రిపోర్టులో రాస్తారు. చదివేవాళ్ళే తక్కువ.

నిల్వకు మార్కులు వేసే తీరు చూద్దాం. పెద్ద చేపలు మరీ తగ్గిపోతే పుట్టే పిల్లల సంఖ్యే పడిపోయే గీత ఒకటుంటుంది. నిల్వ ఆ గీతకు పైన ఉండే అవకాశం కనీసం 70 శాతమైతే 60 మార్కులు. ఆ అవకాశం 80 శాతమై, నిల్వ గరిష్ఠ స్థిర దిగుబడి (నిల్వ తరగకుండా ఏటా పట్టగలిగే అత్యధిక మొత్తం) ఇచ్చే స్థాయికి అటూఇటూగా ఉంటే 80 మార్కులు. 80 రాకపోతే కోలుకునే ప్రణాళిక అనే అంశం అదనంగా తెరుచుకుంటుంది. కోలుకోవడానికి 20 ఏళ్ళు లేదా ఆ చేపకు రెండు తరాల కాలం, రెండింట్లో ఏది తక్కువైతే అది గడువు. మా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే: గీతకు కింద ఉండే ప్రమాదం నూటికి ముప్పై దాకా ఉన్నా ప్యాకెట్టు మీద పడేది అదే నీలి ముద్ర. 'ఇంకా కోలుకుంటోంది' అని తెలిపే రంగు తేడా అయినా ఉండదు.

ఉత్తర సముద్రపు కాడ్ సంగతే చూడండి. 1970లలో దాదాపు 2,70,000 టన్నులున్న గుడ్లు పెట్టే చేపల నిల్వ 2006 నాటికి 44,000 టన్నులకు పడిపోయిందని అప్పటి అంచనా. తర్వాత స్కాట్లండ్ పడవలు గుడ్లు పెట్టే చోట్ల వేట మానాయి, వల కన్ను పెంచాయి, పిల్ల చేపలు ఎక్కువగా పడుతున్న చోటు నుంచి వెంటనే తప్పుకునే ఏర్పాటు చేసుకున్నాయి. నిల్వ పెరిగింది, 2017 జులైలో ముద్ర వచ్చింది. 2019 అక్టోబరులో సస్పెండయింది. మంచి చర్యలే తీసుకున్నా పిల్లల పుట్టుక ఏళ్ళ తరబడి బలహీనంగానే ఉంది. నిల్వను ముందు ఎక్కువగా అంచనా వేశారని కొత్త లెక్కల్లో బయటపడింది. కోలుకుంటున్న నిల్వల్లో ఈ తప్పు తరచూ జరుగుతుంది. ఒకటి రెండు మంచి ఏళ్ళలో పుట్టిన పిల్లల మీదే మొత్తం బరువు ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ గుంపు పట్టుబడిపోగానే గ్రాఫ్ కిందికి జారుతుంది.

ఈశాన్య అట్లాంటిక్ మాకరెల్‌ది ఇంకో రకం జబ్బు. చేపలు ఉత్తరానికి, పడమటికి జరగడంతో ఐస్‌లండ్, ఫారో దీవులు తమ కోటాలు తామే పెంచుకున్నాయి. అన్ని దేశాల కోటాలూ కలిపితే శాస్త్రవేత్తలు చెప్పిన హద్దు దాటింది. 2012లో సస్పెండ్ చేశారు, 2016లో తిరిగి ఇచ్చారు, 2019 మార్చిలో మళ్ళీ సస్పెండ్. పడవ ఎంత పద్ధతిగా పట్టినా దేశాల మధ్య పంపకం కుదరకపోతే ముద్ర నిలవదు.

హిందూ మహాసముద్రపు స్కిప్‌జాక్ ట్యూనాలోనూ ఇదే బాధ. నిల్వ తగ్గితే వేట ఎంత తగ్గాలో ముందే రాసిపెట్టే సూత్రాన్ని అక్కడ వేటాడే దేశాలు 2016లో ఒప్పుకున్నాయి. దాని ప్రకారం 2018 నుంచి 2020 వరకు ఏడాదికి 4,70,029 టన్నులు హద్దు. ఏ దేశం వాటా ఎంతో రాయలేదు. మొదటి ఏడాదే వేట 6 లక్షల టన్నులు దాటింది. సూత్రం కాగితం మీద ఉంటే వచ్చే మార్కులకూ, అమలైతే రావాల్సిన మార్కులకూ ఇంకా ఎక్కువ తేడా ఉండాలని మా అభిప్రాయం.

ఇక మెచ్చుకోవాల్సినవి. దక్షిణాఫ్రికా హేక్ చేపల వేటలో, ట్రాలర్ల వెనక తీగలు తగిలి ఆల్బట్రాస్ పక్షులు వేలల్లో చచ్చేవి. 2004లో సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు దీని మీద షరతు ఉంది. తీగల పక్కన రంగు పీలికలు కట్టిన తాళ్ళు వేలాడదీశారు, పక్షులు దగ్గరికి రావడం మానేశాయి, ఆల్బట్రాస్ చావులు 99 శాతం తగ్గాయి. నమీబియా హేక్ విషయం అంతకన్నా బలమైనది. 1990లో స్వాతంత్ర్యం రాకముందు విదేశీ పడవలు ఊడ్చేసిన నిల్వ అది. 200 మీటర్ల లోతు లోపల ట్రాలింగ్ ఆపి, కోటాలు పెట్టి, మూడు దశాబ్దాలు ఓపిక పట్టాక 2020లో ముద్ర వచ్చింది. తొందరపడనిచోట ముద్రకు విలువ ఉందని మేం ధైర్యంగా చెప్పగలం.

డబ్బు సంగతి కూడా తెలిసుండాలి. ఆడిట్ చేసేది బయటి కంపెనీలు, వాటికి ఫీజు కట్టేది పరీక్ష రాసేవాళ్ళే. ముద్ర వాడుకునే అమ్మకందారులు కట్టే రాయల్టీయే సంస్థ ఆదాయంలో పెద్ద భాగం. ముద్ర ఎంత పెరిగితే ఆదాయం అంత పెరుగుతుందన్న విమర్శ తీసిపారేయదగ్గది కాదు. ఏళ్ళ తరబడి లెక్కలు, సర్వేలు చూపలేని చిన్న పడవలవాళ్ళకు ఈ తలుపు చాలా ఇరుకు. కేరళ అష్టముడి గుల్లలకు 2014లో దక్కింది నిజమే. ప్రభుత్వ పరిశోధకులు వెంట ఉండడం, 30 మిల్లీమీటర్ల కన్నా చిన్న కన్ను వలల మీద ఆంక్ష, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా విరామం అప్పటికే అమల్లో ఉండడం దానికి కారణాలు.

దారిలో చేప మారిపోకుండా చూసే ఏర్పాటు మాత్రం గట్టిది. పడవ నుంచి ప్యాకింగ్ దాకా సరుకు చేతులు మారిన ప్రతి కంపెనీకీ సర్టిఫికెట్ ఉండాలి. డీఎన్‌ఏ పరీక్షల్లో తేడా వచ్చినవి ఒక శాతం లోపే.

కొనేటప్పుడు చూసే పద్ధతి ఇది. ముద్ర పక్కన ఎంఎస్‌సీ-సీ తర్వాత ఐదంకెలుండే కోడ్ ఆఖరి కంపెనీని మాత్రమే చెబుతుంది, చేపను ఎక్కడ పట్టారో చెప్పదు. అందుకు శాస్త్రీయ నామం, పట్టిన సముద్ర భాగం సంఖ్య, పట్టిన పద్ధతి చదవాలి. 27 అంటే ఈశాన్య అట్లాంటిక్, 51, 57 హిందూ మహాసముద్రం. ఆ మూడింటితో ఎంఎస్‌సీ సైట్‌లో వెతికితే ఆ యూనిట్ పేజీ వస్తుంది, రిపోర్టు అక్కడే దొరుకుతుంది. మార్కుల పట్టికలో 1.1.1 వరస చూడండి, నిల్వ ఎలా ఉందో చెప్పేది అదే. కింద 1.1.2కి కూడా మార్కులు వేసి ఉంటే ఆ నిల్వ ఇంకా కోలుకునే దశలోనే ఉన్నట్టు. తర్వాత 1.2.2 చూడండి, వేట తగ్గించే సూత్రం అదే. 1.1.1, 1.2.2 రెండింట్లోనూ 80 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ప్యాకెట్టు బుట్టలో వేసుకోవచ్చు. 1.1.2 తెరుచుకుని, 1.2.2 కూడా 80 లోపే ఉంటే మేమైతే కొనం.

సస్పెండయిన తేదీకి ముందు పట్టిన సరుకును ముద్రతోనే అమ్ముకోనిస్తారు. డబ్బా చేపలు ఏళ్ళ తరబడి నిల్వ ఉంటాయి కాబట్టి షెల్ఫులో ముద్ర కనిపిస్తున్నా సైట్‌లో ఆ యూనిట్ ఎదురుగా 'సస్పెండెడ్' అని ఉండొచ్చు. ఆ రెండింట్లో సైట్‌లో ఉన్నదే తాజా సమాచారం.