గోడపగుల్లో మొలిచిన మొక్కకు ఫోనా, కెమెరానా?

గోడపగుళ్లలో మొలిచే మొక్కల ఫొటోల కోసం తిరుపతికి వచ్చేటప్పుడు కెమెరా సంచి మొయ్యాలా, ఫోను చాలదా అని తరచూ అడుగుతుంటారు. పూలతోటల సంగతి వేరు. కాలువ గట్టు సిమెంటు పగుల్లో మొలిచిన గడ్డిచామంతి ఫొటోలో పువ్వుతో పాటు పగులూ స్పష్టంగా కనబడాలి. పగులు మసకబారితే నర్సరీ తొట్టిలోని మొక్క అనుకుంటారు.

అందుకే ఇలాంటి మొక్కలకు నా ఓటు ఫోనుకే. ఫోనులో బొమ్మను పట్టే సెన్సార్ చిన్నది కాబట్టి, ఎఫ్/1.8 (లెన్సు రంధ్రం కొలత, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) అని రాసి ఉన్నా ఫోకస్ లోతు, అంటే ముందూ వెనకా స్పష్టంగా ఉండే మేర, పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సుమారు ఎఫ్/8 పెట్టినంత వస్తుంది. అదే కెమెరాకు చిన్నవాటిని దగ్గరగా తీసే 90 ఎంఎం మాక్రో లెన్స్‌ పెట్టి ఎఫ్/2.8 దగ్గర అరమీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో నిలిచేది రెండు మూడు మిల్లీమీటర్లే. ఎఫ్/16కు వెళ్లినా సెంటీమీటరు దాటి కొంచెమే. పైగా దానికి 32 రెట్లు వెలుతురు కావాలి. సెకనులో 1/1000 వంతు ఉన్న షట్టర్ వేగం 1/30కు పడిపోతుంది, పక్కనుంచి ఆటో పోయిన గాలికే ఆకు కదిలిపోతుంది.

గడ్డిచామంతి పువ్వు జానెడు కాడ చివర ఉంటుంది. పైనుంచి తీస్తే పువ్వు ఒక దూరంలో, పగులు ఒక దూరంలో పడతాయి. పక్కనుంచి తీస్తే రెండూ ఒకే దూరంలోకి వస్తాయి. ఫోను తలకిందులుగా పట్టుకుంటే లెన్సు దాదాపు నేలకు ఆనుతుంది. రెడ్డివారి నానబాలు మాత్రం నేలకు పరుచుకుని ఉంటే నిటారుగా పైనుంచే తియ్యాలి.

మరీ దగ్గరికి పోకండి. చాలా ఫోన్లు వాటంతటవే బాగా వెడల్పుగా చూపే అల్ట్రావైడ్ లెన్సుకు మారి అంచులు సాగదీస్తాయి. ఓ అడుగు దూరంలో ఉండి 2ఎక్స్ జూమ్ పెట్టండి, ఆకు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చెయ్యండి. సున్నం వేసిన గోడైతే మొక్క నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) 0.7 పెంచండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, పగులును మసక చేసి సన్న కాడల్ని కత్తిరించేస్తుంది. కొన్ని ఫోన్లలో దగ్గరి ఫొటోలకని విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

కెమెరాకు తిరుగులేనిది ఎత్తులోనే. పిట్టల రెట్టలో వచ్చిన విత్తనాలతో రావి, మర్రి, జువ్వి పాత మేడల మీదా గోపురాల మీదా మొలుస్తాయి. 40 మీటర్ల దూరం నుంచి ఫోన్ మామూలు లెన్స్ ఫ్రేములో 55 మీటర్ల వెడల్పు పడుతుంది, రెండడుగుల రావి మొక్క అందులో చుక్క. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్ ఉండే) కెమెరాకు 300 ఎంఎం లెన్స్ పెడితే వెడల్పు మూడు మీటర్లే. వేళ్లు ఇటుకల మధ్యకు దిగిన తీరు కూడా తెలుస్తుంది. షట్టర్ వేగం 1/500 కంటే తగ్గించకండి. పొద్దున ఎనిమిదిలోపు తియ్యండి, ఆ తర్వాత కప్పుల వేడికి గాలి అలలాడి ఎంత మంచి లెన్సైనా మసకగానే చూపిస్తుంది.