145 వాట్లా, 70 వాట్లా? మొదటి హోమ్ థియేటర్‌కి ఏ రిసీవర్ మేలు

బెజవాడ పటమటలో మా ఇంటికి కొత్త రిసీవర్ (టీవీ శబ్దం తీసుకుని స్పీకర్లన్నిటికీ పంచే యాంప్లిఫయర్ పెట్టె) వచ్చిన దగ్గర్నుంచి చూసిపోయిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, సోనీ 145 వాట్లంట కదా, నువ్వు 70 వాట్ల యమహా తెచ్చావేంటి?" గుంటూరు బ్రాడీపేట నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి మరీ ఇదే అడిగాడు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను.

తక్కువ బడ్జెట్‌లో నేను చూసినవి మూడు: సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590, యమహా ఆర్‌ఎక్స్-వీ385, డెనాన్ ఏవీఆర్-ఎక్స్250బీటీ. కొత్తవేం కాదు, మొదటి రెండూ 2018 నాటివి. మూడింటిలోనూ 4కే, ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే రిసీవర్‌కి తెచ్చేది), బ్లూటూత్ ఉన్నాయి. పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ మూడింటిలోనూ లేదు. అద్దె ఇంట్లో సీలింగ్‌కి స్పీకర్లు బిగించనిచ్చే ఓనరు దొరికినప్పుడు దాని సంగతి చూసుకుందాం.

ముందు వాట్ల గొడవ. సోనీ చెప్పే 145 అంటే ఒక్క ఛానెల్‌నే (అంటే ఒక్క స్పీకర్‌నే) నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 0.9 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) ఒప్పుకుని కొలిచిన లెక్క. యమహా 70 అన్నది రెండు ఛానెళ్లు ఒకేసారి నడిపి, ఒక్కో ఛానెల్‌కి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 0.09 శాతం డిస్టార్షన్‌తో కొలిచింది. సోనీని కూడా ఇలాగే కొలిస్తే వచ్చేది 90. అంటే తేడా 75 కాదు, 20. వాట్లు రెట్టింపైతేనే పెరిగేది 3 డెసిబెల్స్. ఇక 70కీ 90కీ మధ్య ఒక డెసిబెల్ కంటే కాస్త ఎక్కువ, అంతే. చెవికి పట్టుకోవడమే కష్టం. మామూలు స్పీకర్ ఒక్క వాట్ ఇస్తేనే మీటరు దూరంలో 85, 90 డెసిబెల్స్ మోగుతుంది. 12 బై 14 హాల్లో సినిమా చూస్తున్నంతసేపూ మనం వాడేది చాలావరకు పది వాట్ల లోపే. చిన్నప్పుడు టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ అని వేల వాట్ల స్టిక్కర్లు చూసి మోసపోయిన తరం మనది, మళ్లీ అక్కడికే పోవద్దు.

నా దృష్టిలో తేల్చేది వాట్లు కాదు, హాలు. మన హాల్లో కింద టైల్స్, నాలుగు వైపులా సిమెంటు గోడలు, ఒక పక్క గాజు తలుపుల షోకేసు. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి, ఖంగుమంటుంది. ఆ మోతలోనే డైలాగులు కరిగిపోతాయి. మొదటి రోజు నేను తొందరపడి వైర్లు బిగించి సినిమా పెట్టేశాను. ఫైట్లకి గోడలు అదిరాయిగానీ హీరోయిన్ ఏమందో ఒక్క ముక్క అర్థం కాలేదు. మరుసటి రోజు డబ్బాలో వచ్చిన మైకుని సోఫాలో తల ఉండే ఎత్తులో పెట్టి వైపీఏఓ అనే యమహా ఆటో సెటప్ నడిపాను. అది ఒక్కో స్పీకర్ నుంచి శబ్దం పంపి, దూరం, లెవెల్ కొలుచుకుని, టోన్ సరిచేసుకుంటుంది. ఆ కాసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. బెజవాడ మే నెలలో ఫ్యాను, ఏసీ ఆపి, పిల్లల్ని కిందికి పంపి చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఫ్యాన్ తిరుగుతుండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. తర్వాత నేల మీద జంపఖానా పరిచాను. అదే సినిమా, డైలాగులు వచ్చే అదే సెంటర్ స్పీకర్, మాటలు విడివిడిగా వినిపించాయి.

సోనీలోనూ ఇలాంటి మైకు సెటప్ ఉంది, పనిచేస్తుంది. డెనాన్ ఎక్స్250లో లేదు. టేపు పట్టుకుని దూరాలు కొలిచి మనమే ఎక్కించుకోవాలి. శబ్దం మంచిదే అయినా మొదటిసారి పెట్టుకునే వాళ్లకి దాన్ని చెప్పలేను.

మిగిలిన రెంటిలో యమహా వైపు మొగ్గడానికి చిన్న కారణాలే. సీన్ బటన్ ఒక్కటి నొక్కితే రిసీవర్ ఆన్ అయి, టీవీ ఇన్‌పుట్‌కి మారి, సౌండ్ మోడ్ కూడా కుదురుకుంటుంది. నేను ఇంట్లో లేనప్పుడు అమ్మ సీరియల్ పెట్టుకోగలుగుతోంది. రెండోది, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కి శబ్దం పంపుతుంది. ఇంట్లో ఇంటర్ పిల్లాడున్న వాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. సోనీలో రెండు సబ్ ఊఫర్లు (బేస్ స్పీకర్లు) పెట్టుకోవచ్చు. అంత చోటూ, అంత సహనమున్న పక్కింటివాళ్లూ ఉంటే అదే తీసుకోండి.

ఓటీటీలే చూసేవాళ్లకి ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీకి కొత్త రూపం) లేదని టెన్షన్ అక్కర్లేదు. వాటిలో ఎక్కువగా వచ్చే సరౌండ్ శబ్దం డాల్బీ డిజిటల్ ప్లస్ అనే రకం, మామూలు ఏఆర్‌సీ దాన్ని మోస్తుంది. ఆప్టికల్ వైరు మోయలేదు, అది కొనకండి. టీవీ స్టిక్ ఉంటే నేరుగా రిసీవర్ హెచ్‌డీఎంఐకే పెట్టండి.

రిసీవర్ బదులు సౌండ్‌బార్ చాలదా అంటే, అది పడగ్గదికి బాగుంటుంది. ఊళ్లో తయారుచేసే అసెంబుల్డ్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్) యాంప్లిఫయర్లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, స్టీరియోనే ఆరు ముక్కలు చేసి వినిపిస్తాయి.

ఏది తెచ్చినా గాజు షోకేసులో మాత్రం పెట్టకండి, పైన గాలాడాలి. తోడల్లుడు ఆదివారం వచ్చి విని తేల్చుకుంటానన్నాడు. అప్పటిదాకా జంపఖానా ఉతకొద్దని ఇంట్లో చెప్పిపెట్టాను.