కణజాలం ఎలా నిండుతుంది: వక్రత మోడల్ మేలా, కణాల మోడల్ మేలా?

ప్రాజెక్టు టాపిక్కులు ఇచ్చే రోజులొస్తే నా దగ్గరికి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఉస్మానియాలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసేవాళ్లూ, కంది ఐఐటీలో బయోమెడికల్ చదివేవాళ్లూ అడిగేది అదే: “స్కాఫోల్డ్ రంధ్రంలో కణజాలం నిండడాన్ని లెక్కగట్టాలి సార్. వక్రత మోడల్ తీసుకోమంటారా, కణాల సాంద్రత మోడల్ తీసుకోమంటారా?” స్కాఫోల్డ్ అంటే కణాలు పట్టి పెరగడానికి తయారుచేసే రంధ్రాల చట్రం. విడివిడిగా చెప్పి విసుగొచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వక్రత అంటే అంచు ఎంత వంపు తిరిగి ఉందన్నది, దాని మీద నడిచేదే వక్రత మోడల్. అంచు ఎంత గుంటపడి ఉంటే అక్కడ అంత వేగంగా కణజాలం పెరుగుతుంది. చదునుగానో ఉబ్బుగానో ఉన్నచోట పెరగదు. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ బృందం 2008లో హైడ్రాక్సీ ఎపటైట్ (ఎముకలో ఉండేలాంటి ఖనిజం) పలకల్లో త్రికోణం, చతురస్రం, షడ్భుజి, వృత్తం ఆకారాల్లో రంధ్రాలు చేసి, వాటిలో ఎముకను తయారుచేసే ఎలుక కణాలను పెంచింది. మూలలు ముందు నిండాయి, ఆ తర్వాత అంచు గుండ్రమైంది. మోడల్లో తేల్చుకోవాల్సిన స్థిరాంకం ఒక్కటే. కోడ్ రాయడం ఒక పూట పని.

దీని సత్తా ప్లస్ గుర్తు ఆకారపు రంధ్రంలో కనిపిస్తుంది. ఏ ఆకారమైనా సరే, అంచు వెంట ఒక చుట్టు వస్తే మొత్తం మీద 360 డిగ్రీలు తిరుగుతాం. చతురస్రంలో నాలుగు మూలలూ గుంటలే కాబట్టి 4×90తో లెక్క సరి. ప్లస్ గుర్తుకి 12 మూలలు, అందులో 8 గుంటలు, 4 ఉబ్బులు. ఉబ్బుల దగ్గర పెరుగుదల ఉండదు, అలాగని తరుగుదలా ఉండదు. కాబట్టి లెక్కకొచ్చేది 8×90, అంటే 720. సరిగ్గా రెట్టింపు. అదే బృందం తర్వాత ప్లస్ ఆకారంలో పెంచి చూస్తే, మొదట్లో చతురస్రం కన్నా దాదాపు రెండింతల వేగంతో కణజాలం వచ్చింది. ఒక్క స్థిరాంకంతో ఇంత చెప్పగలగడం చిన్న విషయం కాదు.

రెండో మోడల్లో వక్రతకి సొంతంగా ఏ శక్తీ లేదు. అంచు మీద కూర్చున్న కణాలే కణజాలాన్ని తయారుచేస్తాయి. ఎక్కడ కణాలు దట్టంగా ఉంటే అక్కడ పెరుగుదల ఎక్కువ. గుంట నిండేకొద్దీ అంచు పొడవు తగ్గుతుంది, కణాలు మాత్రం అవే. సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో రైలు దిగిన జనం ఎస్కలేటర్ దగ్గరికి వచ్చేసరికి ఇలాగే ఒత్తుకుంటారు, మనుషులు పెరిగి కాదు, జాగా తగ్గి. ఆస్ట్రేలియాలో పాస్కల్ బ్యూన్‌జ్లీ, ఆయన సహచరుడు 2017లో ఈ ఒత్తిడినీ, కణాలు అటూ ఇటూ సర్దుకునే విసరణనీ కలిపి సమీకరణాలుగా రాశారు. మూలలు గుండ్రం కావడం ఇందులోనూ వస్తుంది.

మరి తేడా ఎలా పట్టుకోవాలి? నా దృష్టిలో తేల్చేది ఆకారం కాదు, సైజు. గుండ్రటి రంధ్రం తీసుకోండి. వక్రత మోడల్లో వ్యాసార్థం సగమైతే వేగం రెట్టింపవుతుంది, చుట్టుకొలత సగమవుతుంది. అంటే రోజుకు నిండే వైశాల్యం మారదు, రంధ్రం పెద్దదైనా చిన్నదైనా అంతే. కాబట్టి వెడల్పు రెట్టింపు చేస్తే మూతపడే కాలం నాలుగింతలు కావాలి. కణాల మోడల్లోనూ ఒక రంధ్రం వరకు రోజుకు నిండే వైశాల్యం స్థిరమే, కానీ వెడల్పు రెట్టింపైతే అంచు మీద మొదట పట్టే కణాలూ రెట్టింపు. అందుకే కాలం రెండింతలే.

గమనించారా, ఒకే సైజు గుండ్రటి రంధ్రం డేటాకి రెండు మోడళ్లూ ఒకే గీత గీస్తాయి. ఫిట్ ఎంత అందంగా వచ్చినా ఏదీ రుజువైనట్టు కాదు. వైవాలో ముందు అడిగేది ఇదే, టెన్షన్ పడొద్దు, సిద్ధంగా ఉండండి. 2020లో వచ్చిన ఒక ప్రయోగంలో, పల్చటి 3డీ ప్రింట్ స్కాఫోల్డ్‌లలో 300 నుంచి 600 మైక్రాన్ల చతురస్రపు రంధ్రాలు మూతపడే కాలం వెడల్పుతో పాటు సరళరేఖలా పెరిగింది. నాలుగింతల లెక్క అక్కడ నిలవలేదు. ప్రతి సైజుకీ స్థిరాంకం మార్చుకుంటే వక్రత మోడల్ కూడా నప్పుతుందంటారు కొందరు. అలా మారేదాన్ని స్థిరాంకం అనడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఎముక కూడా కణాల వైపే సాక్ష్యం చెబుతుంది. పాత ఎముకను తవ్విన సొరంగం కొత్త ఎముకతో నిండుతున్నప్పుడు, దారి సన్నబడేకొద్దీ వేగం తగ్గుతుంది, రక్తనాళానికి చివరికి ఓ కాలువ మిగులుతుంది. వక్రత మోడల్ ప్రకారం వేగం పెరుగుతూ పోయి కాలువ మూసుకుపోవాలి. కణాల మోడల్లో అయితే కొన్ని కణాలు ఎముకలో పూడిపోతాయి, కొన్ని చనిపోతాయి అని సమీకరణంలో ఒక పదం కలిపితే సరిపోతుంది.

ఇబ్బందులు లేవని కాదు. విసరణ తక్కువ పెడితే సాంద్రతలో నిలువు మెట్లు పడి కోడ్ మొరాయిస్తుంది. మొదటి సాంద్రత ఊహించి వేస్తే మోడల్ విలువ పోతుంది. ల్యాబ్‌లో రంగు వేసి కణాల కేంద్రకాలు లెక్కపెట్టినవాళ్ల దగ్గర అంకె తెచ్చుకోవాల్సిందే.

కణాలు సంఖ్య పెంచుకుంటూ ఖాళీలోకి పాకడాన్ని చెప్పే పోరస్-ఫిషర్ సమీకరణం మూడో దారి. నిజానికి 2020 ప్రయోగాన్ని వివరించింది దానితోనే. అంచును వెంబడించే పని లేదు, మామూలు గ్రిడ్ మీద నడుస్తుంది. మైక్రోస్కోప్ ఫొటోలు మాత్రమే ఉన్నవాళ్లు దీన్ని తీసుకోవచ్చు. ఒక్కో కణాన్నీ విడిగా నడిపే ఏజెంట్ మోడళ్లు వీడియోలకు బాగుంటాయి, ఎంటెక్ గడువులో వద్దు.

ఒక్క సెమిస్టరే ఉండి, వేర్వేరు ఆకారాలను పోల్చడమే పనైతే వక్రత మోడల్‌తో కానిచ్చేయండి. ఏడాది ఉంటే కణాల మోడల్ పట్టుకోండి. ఏది తీసుకున్నా, ల్యాబ్ మిత్రులు స్కాఫోల్డ్ ప్రింట్ చేయకముందే వెళ్లి కనీసం రెండు సైజుల రంధ్రాలు పెట్టమని అడగండి. కణాలు వేసేశాక అడిగితే ఎవరూ మళ్లీ మొదలుపెట్టరు.