స్టాక్‌హోమ్ వాసా మ్యూజియం: నిధి కోసం కాదు, ఓడ కోసం వెళ్లండి

1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, సుమారు 1300 మీటర్లు సాగి మునిగిన స్వీడన్ యుద్ధనౌక వాసా ఇక్కడ దాదాపు పూర్తిగా నిలబడి ఉంది. పైభాగం బరువెక్కువ కావడంతో గాలికి ఒరిగింది. తెరిచి ఉంచిన ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు చొరబడ్డాయి.

బంగారం ఆశించకండి. దొరికిన నాణేల్లో ఎక్కువ రాగివే. అసలు సొత్తు 64 ఫిరంగులు. యాభైకి పైగా 1660లలోనే పైకి లాగేశారు. గాలి నిలిచే గంటలాంటి తొట్టిలో నిలబడి, చీకటి నీళ్లలో చేసిన పని అది! ఆ తొట్టి నమూనా దగ్గర తప్పక ఆగండి.

1961లో ఓడను లేపాక కలప ఎండి చీలకుండా 17 ఏళ్లు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి రసాయనం చల్లారు. ఆ కలప పాడవకుండా లోపల చల్లదనం, మసక వెలుతురు ఉంచుతారు, కాబట్టి స్వెటర్ వెంట ఉండాలి. ఓడెక్కనివ్వరు, అదొక్కటే వెలితి. 18 ఏళ్లలోపు వారికి ఉచితం.