వెనుక చక్రానికి చైన్ మేలా, బెల్టు మేలా?

బుల్లెట్‌కు వెడల్పాటి వెనుక టైరు వేయించాలనుకుంటే మొదటి చిక్కు చోటుతోనే. టైరు పెరిగితే పళ్లచక్రాన్ని పక్కకు జరపాలి, అయినా ముందుదీ వెనుకదీ ఒకే వరుసలో ఉండాలి. చైన్ సన్నం కాబట్టి ఆ సందులో ఇముడుతుంది. పొడవు చాలకపోతే లింకులు కలపవచ్చు. పళ్ల సంఖ్య మార్చి వేగాన్నీ లాగుడునూ మనకు కావలసినట్టు సర్దుకోవచ్చు. సామాను హైదరాబాద్‌లో బండి విడిభాగాలు దొరికే పుత్లీబౌలిలో వెతుక్కోవచ్చు. శుభ్రం చేయడం, నూనె వేయడం మాత్రం తప్పవు, వానాకాలంలో మరీను.

హార్లే డేవిడ్‌సన్ 1980లో స్టర్జిస్ మోడల్‌కు అమర్చిన బెల్టుకు చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు. కానీ వెడల్పెక్కువ, అతుకు ఉండదు. మార్చాలంటే చాలా బండ్లకు వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి, అంటే స్వింగార్మ్, విప్పాల్సిందే. కంకర రాయి పళ్ల మధ్య ఇరుక్కుంటే బెల్టుకు గాయమే. తవ్వకాలు ఆగని మన నగరంలో నా ఓటు చైన్‌కే. నున్నటి ఔటర్ రింగ్ రోడ్డు మీద బెల్టు హాయిగా నడిచేదే, అక్కడికి ద్విచక్రవాహనాలను రానివ్వరు కదా!